సన్నాయికి కన్‌చెర్టో రాయాలంటే?

శ్రీకాకుళం నుంచి సముద్రం వైపు బయలుదేరితే గార మండలంలో శ్రీకూర్మం వస్తుంది. విష్ణువును కూర్మావతారంగా కొలిచే గుడి అక్కడ ఉంది. రెండు ధ్వజస్తంభాలు, పక్కనే శ్వేత పుష్కరిణి, ఆవరణలో పెంచే నక్షత్ర తాబేళ్ళు చూసినవారు మీలో చాలామంది ఉంటారు. ఫాల్గుణ మాసంలో అక్కడ డోలోత్సవం జరుగుతుంది. ఇలాంటి ఉత్సవాల్లో దేవుడి ఊరేగింపు ఏ వీధిలో ఉన్నదో కంటితో చూడకుండానే చెప్పెయ్యవచ్చు. జనం గోల, అంగళ్ళవాళ్ళ కేకలు, పిల్లల ఈలలు అన్నిటినీ దాటుకుని సన్నాయి వినిపిస్తుంది కనుక.

పెళ్ళిలో తాళి కట్టే వేళ గట్టిమేళం మోగాలి. గుడి తలుపులు తెరిచే వేళ మంగళవాద్యం కావాలి. సన్నాయి వినని తెలుగువాడు ఉండడు. కాని ఒక్క ప్రశ్న వేసుకోండి. కిందటిసారి మీరు కబుర్లు ఆపి, కుదురుగా కూర్చుని సన్నాయిని ఎప్పుడు విన్నారు? వీణకు, ఫిడేలుకు, వేణువుకు సభలో పెద్దపీట వేస్తాం. సన్నాయిని మాత్రం వాకిట్లో అరుగు మీద కూర్చోబెడతాం. చెవిలో పడుతూనే ఉంటుంది, మనసు పెట్టి వినేవారు తక్కువ. ఈ రోజుల్లో ఆ అరుగు కూడా మిగలడం లేదు. మేళాన్ని పిలవడానికి బదులు రికార్డు వేసి సరిపెట్టే పెళ్ళిళ్ళు ఎన్నో చూస్తున్నాం.

అలాంటి సన్నాయిని ఒక పెద్ద వాద్యబృందం ముందు నిలబెట్టి, అదే నాయకుడుగా ఒక పెద్ద రచన చెయ్యాలని ఎవరైనా అనుకున్నారనుకోండి. ఏమేమి చిక్కులు వస్తాయి? వాటిలో సగం సంగీతం చిక్కులు, సగం భౌతికశాస్త్రం చిక్కులు. రెండూ చూద్దాం.

ముందు ఒక మాట. ఉత్తర భారతంలోని షెహనాయి పొట్టిది. దక్షిణాది నాదస్వరం రెండున్నర అడుగుల నుంచి మూడడుగుల దాకా ఉంటుంది. మనవాళ్ళు వాడుకలో రెంటినీ సన్నాయి అనే అంటారు. ఈ వ్యాసంలో సన్నాయి అంటే ఆ పొడుగాటి నాదస్వరమే.

కన్‌చెర్టో అంటే ఏమిటి?

పాశ్చాత్య సంగీతంలో కన్‌చెర్టో ఒక రచనా పద్ధతి. ఒక వాద్యం ముందు నిలుస్తుంది. వెనక ఫిడేళ్ళు, వేణువులు, బాకాలు, తాళవాద్యాలు కలిసిన పెద్ద బృందం ఉంటుంది. ఒకరికీ పదిమందికీ మధ్య జరిగే సంభాషణ అన్నమాట. ఒకసారి పోటీ, ఒకసారి పొత్తు. మామూలుగా మూడు భాగాలుంటాయి: వేగంగా ఒకటి, నెమ్మదిగా ఒకటి, మళ్ళీ వేగంగా ఒకటి. మధ్యలో ఒకచోట బృందం అంతా ఆగిపోతుంది. నాయకవాద్యం ఒక్కటే తన విద్యనంతా చూపిస్తుంది. దాన్ని కెడెంజా అంటారు. మోజార్టు కాలంలో వాద్యకారులు ఈ భాగాన్ని అప్పటికప్పుడు మనోధర్మంతో వాయించేవారు. మన కచేరీలో రాగాలాపనకు, కల్పనస్వరాలకు ఇది చుట్టమే.

కన్‌చెర్టోలు పియానోకు, ఫిడేలుకు ఎక్కువ. అయినా వెనక వరసలో కూర్చునే వాద్యాలను పట్టించుకున్నవారు లేకపోలేదు. బసూన్ అనే లావుపాటి గొట్టపు వాద్యానికి ఇటలీ దేశపు వివాల్డి 40 దాకా కన్‌చెర్టోలు రాశాడు. మోజార్టు 1774లో, 18 ఏళ్ళ వయసులో, అదే వాద్యానికి ఒకటి రాశాడు. బసూన్ కంటే పెద్దది, సింహం గుర్రుపెట్టినట్టు పలికే కాంట్రాబసూన్‌కు 1978లో అమెరికాకు చెందిన గుంథర్ షుల్లర్ కన్‌చెర్టో రాశాడు. ఫిన్లాండ్‌కు చెందిన కలేవి ఆహో 2005లో ఇంకొకటి పూర్తిచేశాడు.

ఓబో కథ ఇంకా బాగుంటుంది. ఓబో మన సన్నాయికి దాయాది. 1945లో యుద్ధం ముగిశాక జర్మనీలో ఉన్న అమెరికా సైనికుల్లో జాన్ డి లాన్సీ అనే యువకుడున్నాడు. సైన్యంలో చేరకముందు అతను పిట్స్‌బర్గ్ వాద్యబృందంలో ఓబో వాయించేవాడు. దగ్గర్లో పేరుమోసిన సంగీతకర్త రిచర్డ్ స్ట్రౌస్ ఉంటున్నాడని తెలిసి చూడబోయాడు. ఓబోకు కన్‌చెర్టో రాసే ఆలోచన ఉన్నదా అని అడిగాడు. లేదన్నాడు ఆ వృద్ధుడు. అంతటితో మాట ముగిసింది. కాని ఆ ప్రశ్న పెద్దాయన బుర్రలో తిరుగుతూనే ఉన్నట్టుంది. ఆ సంవత్సరమే ఓబో కన్‌చెర్టో రాశాడు. 1946లో జూరిక్ నగరంలో దాన్ని మొదటిసారి వాయించారు. వాద్యం వాయించేవాడు వెళ్ళి అడిగితేనే ఆ రచన పుట్టిందని గుర్తుపెట్టుకోండి.

కొబ్బరాకు బూర చెప్పే పాఠం

రచన చెయ్యాలంటే ముందు వాద్యం శరీరం తెలియాలి. దీనికి ఉద్దానం పిల్లలను అడిగితే చాలు. కొబ్బరాకును ఏటవాలుగా చుట్టుకుంటూ పోయి, సన్నటి కొస దగ్గర చిన్న ఆకుముక్కను మడిచి నొక్కి పెట్టి ఊదుతారు. బూర పలుకుతుంది. ఇంకొక ఆకు చుట్టి పొడవు పెంచితే బొంగురుగా పలుకుతుంది. సన్నాయిలో ఉన్న రెండు ముఖ్యమైన సంగతులూ ఈ ఆటబొమ్మలో ఉన్నాయి.

మొదటిది పీక. సన్నాయి పీక ఒక రకం గడ్డి కాడతో తయారవుతుంది. తమిళులు దాన్ని శీవాళి అంటారు. దానికి రెండు పలచటి పెదవులుంటాయి. ఊదినప్పుడు వాటి మధ్య గాలి వేగంగా పరుగెడుతుంది. వేగం పెరిగితే పీడనం తగ్గుతుంది. పెదవులు దగ్గరకు వచ్చి దారి మూసుకుంటుంది. మరుక్షణం గొట్టం రెండో కొస నుంచి తిరిగి వచ్చిన తరంగం వాటిని మళ్ళీ తెరుస్తుంది. ఇలా సెకనుకు వందలసార్లు తలుపు తెరుచుకుని మూసుకుంటుంది. పీక తలుపు అయితే గొట్టం యజమాని. తలుపు ఎప్పుడు తియ్యాలో గొట్టం పొడవే నిర్ణయిస్తుంది.

రెండవది గొట్టం ఆకారం. సన్నాయి గొట్టం పీక దగ్గర సన్నగా ఉండి పోనుపోను వెడల్పవుతుంది. అంటే శంకువు ఆకారం. క్లారినెట్‌లో గొట్టం చాలావరకు ఒకే వెడల్పుతో స్తూపాకారంగా ఉంటుంది. ఈ చిన్న తేడా ఎంత పని చేస్తుందో చూడండి.

ఒక కొస మూసిన స్తూపాకార గొట్టంలో పుట్టే మొదటి స్వరం తరంగదైర్ఘ్యం గొట్టం పొడవుకు నాలుగు రెట్లని మీరు చదువుకున్నారు. గొట్టం 75 సెంటీమీటర్లు, ధ్వని వేగం సెకనుకు 345 మీటర్లు అనుకుంటే పౌనఃపున్యం 345ను 3తో భాగించగా వచ్చే 115. తరువాత పలికేవి బేసి అనుస్వరాలు మాత్రమే: 345, 575. అదే పొడవున్న శంకువు గొట్టం, పీక పెట్టి ఊదినా, రెండు కొసలూ తెరిచిన గొట్టంలాగే ప్రవర్తిస్తుంది. దాని తరంగదైర్ఘ్యం పొడవుకు రెండు రెట్లే. పౌనఃపున్యం 230. అనుస్వరాలు 460, 690, 920 అన్నీ పలుకుతాయి. ఓబో, క్లారినెట్ దాదాపు ఒకే పొడవుంటాయి. అయినా ఓబో అడుగు స్వరం 233 దగ్గర, క్లారినెట్‌ది 147 దగ్గర ఉండడానికి కారణం ఇదే.

దీనివల్ల సన్నాయిలో గట్టిగా ఊదితే అదే వేళ్ళతో స్వరం సరిగ్గా పై స్థాయికి వెళుతుంది. కింది షడ్జమం పై షడ్జమం అవుతుంది. ఏడు రంధ్రాలతో రెండు స్థాయిలు దాటి పలికించడానికి వీలు కలిగింది ఇందువల్లనే. సన్నాయికి మీటలు లేవు. వేలితో రంధ్రాన్ని సగం మూసి, పావు తెరిచి, పెదవి బిగువు మార్చి, ఊపిరి ఒత్తిడి మార్చి స్వరాన్ని వంచవచ్చు. గమకాలన్నీ అక్కడ పుడతాయి.

ఒక్కరికీ పదహారుమందికీ తూకం

కన్‌చెర్టో రాసేవాడికి మొదటి చిక్కు శబ్దం. సితార్‌తో కన్‌చెర్టో రాసినప్పుడు చిక్కు తలకిందులుగా ఉంటుంది. 1971లో రవిశంకర్ తన సితార్ కన్‌చెర్టోను లండన్ సింఫనీ వాద్యబృందంతో కలిసి వినిపించాడు. సితార్ మెల్లగా పలికేది. బృందం దాన్ని మింగెయ్యకుండా చూసుకోవాలి. సన్నాయి విషయంలో బృందాన్ని సన్నాయి మింగెయ్యకుండా చూసుకోవాలి!

ఎందుకు అంత గట్టిగా వినిపిస్తుంది? గాలి బలం ఒక్కటే కారణం కాదు. మన చెవిలోకి పోయే దారి సుమారు 2.5 సెంటీమీటర్ల పొడవు. ఒక కొసన కర్ణభేరి అడ్డంగా ఉంది. అంటే ఇదీ ఒక కొస మూసిన గొట్టమే. ఇందాకటి సూత్రం వెయ్యండి. 345ను 0.1తో భాగిస్తే 3450. ఆ పౌనఃపున్యం దగ్గర చెవి దారి తనే అనునాదం చేస్తుంది. అందువల్ల 2000 నుంచి 5000 మధ్య ఉన్న ధ్వనులు మనకు అన్నిటికంటే బాగా వినబడతాయి. సన్నాయి షడ్జమం 293 అనుకుంటే దాని పదో అనుస్వరం 2930, పన్నెండోది 3516. జంట పెదవుల పీక ఉన్న వాద్యాలకు ఇలాంటి పై అనుస్వరాలు దండిగా ఉంటాయి. బాణం సరిగ్గా చెవి కోరుకునే చోట తగులుతుందన్నమాట.

మరి ఫిడేళ్ళ సంఖ్య పెంచితే? అదీ అనుకున్నంత లాభం కాదు. శబ్దాన్ని డెసిబెళ్ళలో కొలుస్తారు. ఒక ఫిడేలుకు మరొక ఫిడేలు తోడైతే 3 డెసిబెళ్ళు పెరుగుతుంది. పదహారు ఫిడేళ్ళు కలిసినా ఒక్క ఫిడేలు కంటే 12 డెసిబెళ్ళే ఎక్కువ. పది డెసిబెళ్ళు పెరిగితే మన చెవికి సుమారు రెట్టింపు గట్టిగా అనిపిస్తుంది. పదహారుమంది కలిసినా పదహారు రెట్లు కారు.

అందుకే తూకం మనుషులతో కాకుండా రచనతో సాధించాలి. బృందమంతా గట్టిగా వాయించేటప్పుడు సన్నాయి మౌనంగా ఉండాలి. సన్నాయి అందుకున్నప్పుడు బృందం పలచబడాలి. లేదా సన్నాయిని దూరంగా నిలబెట్టాలి. ఆరుబయట దూరం రెట్టింపైతే ధ్వని 6 డెసిబెళ్ళు తగ్గుతుంది. వీధి చివరి నుంచి వచ్చే సన్నాయి చెవికి ఇంపుగా ఉండడానికి కారణం ఇదే. సభామందిరంలో గోడల ప్రతిధ్వనుల వల్ల తగ్గుదల ఇంత ఉండదు. అయినా కొంత ఉంటుంది.

శ్రుతి ఎక్కడ కలుస్తుంది?

హార్మోనియం మీద ఏ కట్ట నుంచయినా షడ్జమం పెట్టుకోవచ్చు. సన్నాయిలో అలా కుదరదు. గొట్టం చేసినప్పుడే శ్రుతి స్థిరపడిపోతుంది. కచేరీలో వాడే నాదస్వరాలు చాలావరకు రెండు, రెండున్నర శ్రుతిలో ఉంటాయి. రెండు శ్రుతి అంటే పాశ్చాత్యులు డి అనే స్వరం.

ఇక్కడ ఒక మంచి అదృష్టం కలిసివస్తుంది. పాశ్చాత్య వాద్యబృందం శ్రుతి చేసుకునేటప్పుడు ముందుగా ఓబో ఏ అనే స్వరం పట్టుకుంటుంది. మన మేళంలో ఒత్తు పట్టినట్టే. దాని పౌనఃపున్యం 440 ఉండాలని 1939లో అంతర్జాతీయంగా ఒప్పుకున్నారు. ఫిడేలు నాలుగు తీగల్లో మధ్య రెండూ ఈ ఏ, దాని కింద డి. వాటి నిష్పత్తి 3:2. అంటే డి విలువ 440ను 1.5తో భాగించగా వచ్చే 293. డి మన షడ్జమం అయితే ఏ సరిగ్గా పంచమం. సన్నాయి రెండు శ్రుతిలో ఉంటే, ఫిడేళ్ళన్నీ వేలు పెట్టకుండానే షడ్జమ పంచమాలు పలుకుతాయి. ఓబో అందించేది సన్నాయి పంచమమే. ఒకరినొకరు ఎరగని రెండు సంగీతాలు ఒకే మెట్టు మీద ఎదురుపడ్డట్టు లేదూ?

గాంధారం తగాదా

షడ్జమ పంచమాల దగ్గర స్నేహం కుదిరినా గాంధారం దగ్గర తగాదా వస్తుంది. చెవికి హాయిగా ఉండే అంతర గాంధారం షడ్జమానికి 5:4 నిష్పత్తిలో ఉంటుంది. షడ్జమం 293 అయితే గాంధారం సుమారు 367. పియానోలో స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేశారు కనుక అక్కడ అదే స్వరం 370. రెండూ కలిసి మోగితే సెకనుకు మూడుసార్లు ధ్వని పెరుగుతూ తరుగుతూ ఊగుతుంది. వీటినే మీ పుస్తకంలో విస్పందనాలు అన్నారు. పైగా మన గాంధారం ఒకచోట కుదురుగా నిలవదు. కల్యాణిలో ఒకలాగ, మోహనలో ఒకలాగ కదులుతుంది. వెనక ఇరవైమంది దాన్ని ఒకేచోట గట్టిగా పట్టుకుని నిలబడితే సన్నాయి గమకం గోడకు తగిలిన పక్షిలా అవుతుంది.

దీనికి రెండు మందులున్నాయి. ఒకటి, సన్నాయికి మీటలు పెట్టి పియానో స్వరాలకు కట్టెయ్యడం. అప్పుడు అది సన్నాయిగా మిగలదు. రెండవది, బృందం షడ్జమ పంచమాలను పట్టుకుని గాంధారాన్ని సన్నాయికే వదిలెయ్యడం. తెలివైన రచయిత రెండోదే ఎంచుకుంటాడు. వాద్యంలో లోపంలా కనిపించేదాన్ని రచనకు పునాదిగా చేసుకోవడం అంటే ఇదే.

అలాగని వాద్యాన్ని ఎప్పుడూ మార్చకూడదని కాదు. పూర్వం వాడుకలో ఉన్న తిమిరి నాదస్వరంలో శుద్ధ మధ్యమం సరిగ్గా పలికేది కాదు. మహావిద్వాంసుడు టి.ఎన్. రాజరత్నం పిళ్ళై (1898–1956) కాలంలో తంజావూరు జిల్లా నరసింగంపేటకు చెందిన రంగనాథ ఆచారి పొడవూ కొలతలూ మార్చి బారి నాదస్వరం తయారుచేశాడు. మధ్యమం చక్కబడింది. శ్రుతి కూడా తగ్గి, నాదం గంభీరమైంది. ఇప్పుడు కచేరీల్లో ఎక్కువగా కనిపించేది అదే. బాగా పాతబడిన ఆచా చెక్కతో చేసే నరసింగంపేట నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇక్కడ మార్పు కోరింది వాయించే విద్వాంసుడు, చేసినది వడ్రంగి. ఇద్దరూ చెవిని నమ్ముకున్నారు.

ఊపిరి, ఎండ

ఫిడేలు కమాను ఎంతసేపయినా తిరగేసి లాగవచ్చు. ఊపిరి అలా కాదు. స్ట్రౌస్ ఓబో కన్‌చెర్టో మొదట్లోనే ఊపిరి పీల్చుకోవడానికి సరైన వ్యవధి దొరకని పొడవైన భాగం ఒకటి ఉంది. ఓబో వాద్యకారులు ఇప్పటికీ దానికి జంకుతారు. మన మేళంలో ఒత్తు పట్టే అతన్ని గమనించండి. బుగ్గల్లో గాలి నింపుకుని, ఆ గాలిని పీకలోకి నెడుతూనే ముక్కుతో ఊపిరి తీసుకుంటాడు. కంసాలి తిత్తిలా బుగ్గలు పనిచేస్తాయి. స్వరం తెగదు. అయినా పెదవులు అలిసిపోతాయి. ప్రతి రెండు మూడు నిమిషాలకూ సన్నాయికి విశ్రాంతి ఇచ్చి ఆ సమయాన్ని డోలుకో, బృందానికో అప్పగించాలి.

ఎండ కూడా లెక్కలోకి వస్తుంది. ధ్వని వేగం 25 డిగ్రీల దగ్గర 346 మీటర్లు, 35 డిగ్రీల దగ్గర 352. అంటే గాలి గొట్టం పొడవు మారకపోయినా శ్రుతి నూటికి 1.7 వంతు పెరుగుతుంది. 440 పలికేది 447 పలుకుతుంది. ఊదేవాడి ఊపిరి లోపలి గాలిని ముందే కొంత వెచ్చబరుస్తుంది కనుక నిజంగా వచ్చే మార్పు ఇంతకంటే తక్కువ. కాని అదే వేడికి ఫిడేలు తీగ సాగి శ్రుతి దిగుతుంది. ఒకటి పైకి, ఒకటి కిందికి! కనుక మధ్యలో శ్రుతి సరిచూసుకునే వ్యవధిని కూడా రచయితే కల్పించాలి.

ఇదివరకు దారి వేసినవారు

ఇలాంటి ప్రయత్నానికి మన చేతికి అందే నమూనా ఒకటి సినిమాలో ఉంది. 1962లో తమిళంలో వచ్చిన ‘కొంజుం సలంగై’ తెలుగులో ‘మురిపించే మువ్వలు’ అయింది. సంగీతం ఎస్.ఎం. సుబ్బయ్య నాయుడు. అందులో ఒక పాటలో కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరం, గుంటూరు సీమలో పుట్టిన ఎస్. జానకి గొంతు ఆభేరి రాగంలో సమానంగా పోటీపడతాయి. నాదస్వరం పక్కన గొంతు ఎలా నిలిచింది? రెంటినీ విడివిడిగా రికార్డు చేసి తరువాత కలిపారు. అది యంత్రం చేసిన సాయం. రచన చేసిన సాయం ఇంకొకటి ఉంది. స్వరాల దగ్గర ఒకరు ఆగినచోట ఇంకొకరు అందుకుంటారు. ప్రశ్న వేసేవారు, జవాబు చెప్పేవారు ఒకేసారి మాట్లాడరు. పాట ఎక్కడైనా దొరికితే ఈసారి ఈ సంగతి గమనిస్తూ వినండి.

చైనాలో మన సన్నాయిని పోలిన సువోనా అనే వాద్యం ఉంది. అదీ పెళ్ళిళ్ళలో, ఊరేగింపుల్లో మోగేదే. అక్కడి రచయితలు దానికి పెద్ద వాద్యబృందంతో కన్‌చెర్టోలు రాసి సభకు తెచ్చారు. మన దేశంలో బిస్మిల్లాఖాన్ షెహనాయిని వాకిట్లోంచి సభా వేదిక మీదికి తెచ్చి 2001లో భారతరత్న అందుకున్నాడు. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి, నాదస్వరంతో దేశదేశాలు తిరిగి, 1998లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు పొందాడు. మరొక వైపు నుంచి వచ్చినవాడు కద్రి గోపాల్‌నాథ్ (1949–2019). పాశ్చాత్యుల శాక్సఫోన్‌లో కొన్ని మార్పులు చేసుకుని గమకాలు పలికించాడు.

ఉత్తరాంధ్రకు ఇలాంటి రాకపోకలు కొత్తవి కావు. విజయనగరంలో 1919లో మహారాజావారు సంగీత కళాశాల స్థాపిస్తే ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. ఫిడేలు నేర్పడానికి వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు ఆ తరువాత ఆ పదవిలోకి వచ్చాడు. ఫిడేలు సముద్రాలు దాటి వచ్చిన వాద్యం. మనవాళ్ళు దాని తీగల శ్రుతి మార్చారు, కూర్చునే తీరు మార్చారు. ఫిడేలు పెట్టెను మాత్రం మార్చలేదు. వందేళ్ళు తిరిగేసరికి అది లేని కచేరీయే లేకపోయింది. ఆ దారిలో మనం ఇవతలికి వచ్చాం కదా, ఇప్పుడు సన్నాయి అవతలికి ఎందుకు పోకూడదు?

కాగితం మీద మన కన్‌చెర్టో

ఇప్పటిదాకా తెలిసినదంతా కలిపి ఒక నమూనా గీద్దాం.

మొదటి భాగం తెల్లవారుజాము. పెద్ద ఫిడేళ్ళు షడ్జమ పంచమాలు పట్టుకుంటాయి. సన్నాయి వేదిక మీద లేదు, మందిరం వెనక నుంచి భూపాలం అందుకుని నడుచుకుంటూ వస్తుంది. దూరం తగ్గుతున్నకొద్దీ బృందం కూడా పెరుగుతుంది. తూకం తప్పదు. భూపాలంలో మధ్యమ, నిషాదాలు లేవు కనుక తగాదా పెట్టుకునే స్వరాలూ తక్కువే.

రెండో భాగం రాత్రి. గుళ్ళలో పవళింపు వేళ వినిపించే నీలాంబరి. సన్నాయి కింది స్థాయిలో మెల్లగా పలుకుతుంది. దానికి దాయాదులైన ఓబో, బసూన్ రెండే తోడు. సన్నాయి గట్టిగానే తప్ప పలకదనుకునేవారికి ఇక్కడే జవాబు.

మూడో భాగం ఉత్సవం. డోలును తీసేసి పాశ్చాత్య భేరీలు పెట్టకూడదు. డోలే ఉండాలి. అరకు లోయ థింసా నృత్యంలో మోరి అనే సన్నాయి జాతి వాద్యం ఊదుతారు. సరిహద్దు దాటి ఒడిశాలోకి వెళితే దాన్నే మహురి అంటారు. ఆ చిన్న వాద్యానికి కూడా ఇక్కడ చోటివ్వవచ్చు. ఆదితాళం ఎనిమిది అక్షరాలు పాశ్చాత్యుల నాలుగేసి మాత్రల రెండు గదుల్లో చక్కగా అమరుతాయి. ఏడు అక్షరాల మిశ్రచాపు కూడా వారికి అలవాటు లేనిది కాదు.

ఒక్క చిక్కు మిగిలింది. సన్నాయి ఆలాపన చేస్తుంటే అది ఎప్పుడు ముగుస్తుందో, తాము ఎక్కడ అందుకోవాలో బృందానికి ఎలా తెలుస్తుంది? బృందం చదివేది ముందే రాసిన కాగితం. మనవాళ్ళు దీనికి ఎప్పుడో ఉపాయం కనిపెట్టారు. ముక్తాయింపు. ఒకే ముక్కను మూడుసార్లు వాయించి సమానికి వస్తారు. మొదటిసారికి చెవులు రిక్కించాలి, రెండోసారికి కమాను ఎత్తాలి, మూడోసారికి అందరూ కలవాలి. ఏ దేశపు వాద్యకారుడికయినా ఈ సైగ ఒక్కరోజులో నేర్పవచ్చు.

పని ఎవరు మొదలుపెట్టాలి?

ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చు. పెళ్ళిలో, గుళ్ళో సన్నాయి ఎలాగూ ఉన్నది కదా అనవచ్చు. కాని ఒక వాద్యం బతికి ఉండాలంటే గొట్టం చేసే వడ్రంగి ఉండాలి, పీక కట్టే చెయ్యి ఉండాలి, పదేళ్ళు సాధన చేసే కుర్రవాడో అమ్మాయో ఉండాలి. తిరుపతిలో దేవస్థానంవారు నాదస్వరానికి, డోలుకు పాఠశాల నడుపుతున్నారు. అక్కడ నేర్చుకున్నవారికి పని దొరకాలి, గౌరవమూ దొరకాలి. ఆ పిల్లలకు తాళి కట్టే వేళ ఐదు నిమిషాల పని మాత్రమే మిగిలితే వారిలో ఎందరు నిలుస్తారు? కుదురుగా కూర్చుని వినే సభలు, కొత్త రచనలు ఉంటే ఆ విద్యకు మరో వాకిలి తెరుచుకుంటుంది. పాత వాకిలి మూసెయ్యమని కాదు.

కన్‌చెర్టో రాయడానికి పెద్దయ్యేదాకా ఆగాలేమో. కాని మొదటి పని మీరు ఈ వేసవి సెలవుల్లోనే చెయ్యవచ్చు. ముందు కొబ్బరాకు బూర ఒకటి చెయ్యండి. ఆకులు ఒక్కొక్కటే పెంచుతూ పొడవు కొలిచి, స్వరం ఎలా దిగుతున్నదో రాసుకోండి. తరువాత ఆ కాగితం పట్టుకుని మీ ఊరి మేళంలో సన్నాయి వాయించే పెద్దాయన దగ్గరకు వెళ్ళండి. మూడే ప్రశ్నలు అడగండి. మీ సన్నాయి ఎంత శ్రుతి? ఆపకుండా ఎంతసేపు ఊదగలరు? ఏ స్వరం పలికించడం కష్టం? ఆ మూడు జవాబులూ తేదీ వేసి నోటుపుస్తకంలో దాచండి. రేపు ఈ రచన చెయ్యబోయేవారికి ముందుగా కావలసినవి అవే.